కొండదారి ప్రశ్నలు: సీమ అడవుల్లో జట్టుగా నడిచేవారికి

శివరాత్రి దగ్గర పడుతోంది. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా శ్రీశైలం నడకదారి గురించే. అందుకే మొదటి జవాబు పొడుగైంది. మిగతావి అవసరాన్ని బట్టి.

ప్రశ్న: మేము పన్నెండు మందిమి. ఆత్మకూరు దాకా బస్సులో పోయి, వెంకటాపురం నుంచి నాగలూటి మీదుగా శ్రీశైలానికి నడవాలని మొక్కుకున్నాం. మాలో అరవై దాటినవాళ్లు ముగ్గురున్నారు. ఎన్ని నీళ్లు మోయాలి, ఎంత బరువు ఎత్తుకోవాలి, ఎవరు ముందు నడవాలి? వివరంగా చెప్పండి సార్.
– ఒక గృహిణి, ఎమ్మిగనూరు

జవాబు: ముందు ఒక మాటమ్మా. ఆ దారి పెద్దపులుల అభయారణ్యంలోది. శివరాత్రికి, ఉగాదికి అటవీశాఖ ప్రకటించిన రోజుల్లోనే భక్తులను వదులుతారు. మిగతా రోజుల్లో అటు పోవడం నేరం. బయల్దేరే వారం ముందే ఆత్మకూరు అటవీ కార్యాలయంలో తేదీలు, గేటు వేళలు కనుక్కోండి. నిరుటి తేదీలను నమ్ముకుని పోవద్దు.

వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, మఠం బావి, భీముని కొలను, కైలాసద్వారం, శ్రీశైలం: ఇదీ వరస. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడని చరిత్ర. మెట్లున్నాయి కదా అని తేలికగా తీసుకోవద్దు. అసలు కష్టమంతా చివర్లోనే ఉంది. భీముని కొలను దగ్గర లోయలోకి దిగాలి, అక్కడి నుంచి కైలాసద్వారం దాకా నిట్టనిలువుగా ఎక్కాలి. అప్పటికే కాళ్లు అలిసిపోయి ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవారికి ఎక్కడం కన్నా దిగడమే ఎక్కువ బాధ. దిగేటప్పుడు శరీర బరువంతా వంగిన మోకాలి మీద పడుతుంది. ఒక్కొక్కరికి ఒక వెదురుకర్ర తప్పనిసరి. నిలబడి కర్ర పట్టుకుంటే మోచేయి లంబకోణంలో మడత పడేంత పొడవుండాలి. దిగేటప్పుడు ముందు కర్ర, తర్వాత నొప్పి ఉన్న కాలు, ఆ తర్వాత మంచి కాలు. ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు.

రెండు పగళ్ల నడకగా లెక్క వేసుకోండి. మామూలు రోడ్డు మీద గంటకు నాలుగైదు కిలోమీటర్లు నడిచేవారు అడవిలో మూడే నడుస్తారు, పెద్దవాళ్లతోనైతే రెండు, రెండున్నర. పైకి ఎక్కే ప్రతి ఆరు వందల మీటర్ల ఎత్తుకు ఇంకో గంట కలపండి. పొద్దున ఆరుకు బయల్దేరి పదిన్నర దాకా నడవండి. ఎండ తగ్గేదాకా, అంటే మూడింటి వరకు నీడలో పడుకోండి. మళ్లీ ఐదున్నరలోపు మకాం చేరండి. చీకట్లో నడిచి సమయం కలిసొచ్చేలా చేద్దామనుకుంటారు చాలామంది. కాలు మడత పడేదీ, జట్టు చెదిరిపోయేదీ, జంతువులు ఎదురయ్యేదీ ఆ గంటల్లోనే.

నీళ్లు తలా మూడు లీటర్లతో బయల్దేరండి. చదును నేల మీద గంటకు అర లీటరు, ఎక్కుడులో ముప్పావు లీటరు పోతుంది. పండగ రోజుల్లో దారిలో అన్నదానాలు, నీళ్ల ఏర్పాట్లు ఉంటాయి గానీ అవి ఎక్కడ దొరుకుతాయో, ఎక్కడ అయిపోతాయో ముందుగా చెప్పలేం. చెలమల నీళ్లు తాగక తప్పకపోతే గుడ్డతో వడకట్టి, క్లోరిన్ మాత్ర వేసి అర గంట ఆగాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం ఒకేసారి ఒక లీటరు నీళ్లలో కలపాలి. సగం పొడి ఒక గ్లాసులో వేసుకుని తాగితే ఉప్పు ఎక్కువై దాహం ఇంకా పెరుగుతుంది. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, మట్టంగా. దాహం లేకపోయినా బలవంతంగా లీటర్లకు లీటర్లు ఒట్టి నీళ్లే తాగేవారికి తలనొప్పి, వాంతులు, వేళ్ల ఉబ్బు వస్తాయి. రక్తంలో ఉప్పు పలచబడిపోవడమే కారణం. దాన్ని ఎండదెబ్బ అనుకుని ఇంకా నీళ్లు పోస్తే ప్రాణానికే ముప్పు.

ఎండదెబ్బకు గుర్తు మాట తడబడటం, తికమక, ఒళ్లు కాలిపోవడం. చెమట పట్టి ఉన్నా సరే, మనిషి పొంతన లేకుండా మాట్లాడుతున్నాడంటే నడక అక్కడితో ఆపాలి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోసి విసరాలి. తలకు తడిగుడ్డ వేసి కూర్చోబెడితే చాలదు. మోసుకెళ్లడం తర్వాత, చల్లార్చడం ముందు.

బరువు ఎవరి ఒంటి బరువులో వాళ్లకు ఐదో వంతు దాటకూడదు. పెద్దవాళ్లకు నాలుగు కిలోలు మించనివ్వొద్దు. అందులో మూడు కిలోలు నీళ్లే. వాళ్ల దుప్పట్లు, తిండి కుర్రవాళ్లు పంచుకోవాలి. తిండికి బొరుగులు, బుడ్డల ఉండలు, ఎండు జొన్నరొట్టె, పప్పులపొడి చాలు. చిత్రాన్నం మొదటి పూటకే. పెరుగన్నం మధ్యాహ్నానికి పులిసిపోతుంది. అరటిపండ్లు సంచి పైభాగంలో కనబడేలా పెడితే కోతులు వదలవు.

ఇక కాళ్లు. మధ్యలో ఆగిపోయేవారిలో ఎక్కువమందిని ఆపేవి బొబ్బలే. కొత్త చెప్పులు, కొత్త బూట్లు వద్దు. నెల ముందు నుంచి వాడినవే వేసుకోండి. గోళ్లు రెండు రోజుల ముందే అడ్డంగా కత్తిరించండి, లేకపోతే దిగుడులో బొటనవేలి గోరు నల్లబడుతుంది. మడమకు, వేళ్ల సందులకు వాసెలిన్ పూసి సాక్సు వేసుకోవాలి. ఎక్కడైనా మంటగా అనిపించిన నిమిషమే ఆగి, అక్కడ మందుల షాపులో దొరికే గుడ్డ ప్లాస్టరు అంటించండి. పది నిమిషాల తర్వాత అంటిస్తే అప్పటికే బొబ్బ లేచి ఉంటుంది. చిన్న బొబ్బను చిదమొద్దు. నడవలేనంత పెద్దదైతే కాల్చి చల్లార్చిన సూదితో అంచున గుచ్చి నీరు తీయండి. పైతోలు మాత్రం పీకకూడదు. తోలు కింద ఉన్న పచ్చి కండకు అదే కట్టు. వట్టికాళ్లతో నడుస్తామని మొక్కుకున్నవారు కూడా సంచిలో చెప్పులు పెట్టుకోండి. ముల్లు విరిగి లోపలే ఉండిపోతే స్వామి తప్పు పట్టడు.

నడిచే వరస: దారి తెలిసినవారు ముందు, వారి వెనకే జట్టులో అందరికన్నా నెమ్మదైనవారు. వాళ్ల నడకే జట్టు నడక. చివరన గట్టి మనిషి, అతనిని దాటి ఎవరూ వెనకపడకూడదు. దారి చీలిన ప్రతిచోటా ముందువారు ఆగి, చివరి మనిషి కనబడ్డాకే కదలాలి. ప్రతి గంటకోసారి పేర్లు పిలిచి లెక్క చూసుకోండి. నలుగురు ముందు, ఎనిమిది మంది వెనక అని జట్టు రెండుగా చీలితే ముందున్నవారు వెనకవారు వస్తున్నారనుకుంటారు, వెనకవారు ముందువారు ఆగి ఉంటారనుకుంటారు. సాధారణంగా తప్పిపోవడం ఇలాగే మొదలవుతుంది. మెడలో ఒక్కో ఈల వేసుకోండి. వరసగా మూడుసార్లు ఊదితే ఆపద అని ముందే అనుకోండి. తప్పిపోయినట్టు తెలిస్తే ఉన్నచోటే ఆగిపోవాలి. వాగు వెంట దిగిపోతే ఊరు వస్తుందని నల్లమలలో నమ్మొద్దు. ఆ వాగులు కొండ అంచుకు వచ్చి దూకుతాయి.

ప్రశ్న: వేసవి మొదట్లో రాయదుర్గం కోట, పెనుకొండ, గుత్తి వరసగా ఎక్కాలని మా కాలేజీ పిల్లలు ఎనిమిది మంది ఆలోచన. కళ్యాణదుర్గం వైపు ఎలుగుబంట్లు ఊళ్లలోకే వస్తున్నాయంటున్నారు. పొద్దు పొడవక ముందే ఎక్కొచ్చా అన్నా?
– డిగ్రీ విద్యార్థి, అనంతపురం

జవాబు: పొద్దు పొడిచాక ఎక్కు తమ్ముడూ. ఎలుగుబంటి తిరిగేది రాత్రి, తెల్లవారుజామున, సందెవేళ. పగలు బండల సందుల్లో, పొదల్లో పడుకుంటుంది. నువ్వు సూర్యోదయం చూడాలని నాలుగున్నరకు ఎక్కే దారిలోనే అది మేత ముగించుకుని గుహకు తిరిగొస్తుంటుంది.

చిరుత మనిషిని చూసి తప్పుకుంటుంది. ఎలుగుకు చూపూ వినికిడీ అంత పదును కావు, వాసన ఒక్కటే గట్టిది. చెదపుట్ట తవ్వుతూ, మూతితో చెదలు పీలుస్తూ ఉన్నప్పుడు నువ్వు నాలుగు అడుగుల దగ్గరికి వచ్చేదాకా దానికి తెలియదు. తెలిసిన క్షణం బెదిరి మీద పడుతుంది. పిల్లలున్న తల్లైతే ఇంకా ప్రమాదం. డిసెంబరు, జనవరిల్లో పుట్టిన పిల్లలు వేసవి మొదటికి తల్లి వీపెక్కి తిరుగుతుంటాయి. కాబట్టి నువ్వు వస్తున్నట్టు దానికి ముందే తెలియాలి. బిగ్గరగా మాట్లాడుకుంటూ, కర్రతో బండల మీద కొడుతూ నడవండి. వాగు శబ్దం, ఎదురుగాలి ఉన్నచోట ఇంకా గట్టిగా. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఎవరికీ వద్దు. రేగు, నేరేడు, తునికి పండిన చోట్ల, కొత్తగా తవ్విన పుట్టల దగ్గర, పండ్ల గింజలు నిండిన నల్లటి పెంట కనబడిన దారిలో ఆగి పది నిమిషాలు చప్పుడు చేసి కదలండి.

ఎదురుపడితే పరుగెత్తొద్దు, మనకన్నా అది వేగం. చెట్టెక్కినా లాభం లేదు, అదీ ఎక్కుతుంది. ఎనిమిది మందీ భుజానికి భుజం కలిపి ఒకే ముద్దగా నిలబడి, చేతులూ కర్రలూ ఎత్తి, దాని వైపు చూస్తూనే వెనక్కి జరగండి. జట్టు చెదిరి ఒక్కడు పరుగెత్తాడంటే ఆ ఒక్కడినే పట్టుకుంటుంది. మీద పడిందంటే బోర్లా పడుకుని, రెండు చేతులూ మెడ వెనక ముడి వేసి, ముఖం నేలకు ఆనించు. ఎలుగు దెబ్బలు ఎక్కువగా ముఖానికీ తలకూ తగిలేవి. సంచి వీపు మీదే ఉండనీ, తీయకు.

మూడు కోటలూ ఒకే రోజు వద్దు. పగలు పదకొండు తర్వాత ఆ బండలు పొయ్యిమీది పెనంలా కాలతాయి, నీడ ఉండదు. రోజుకొకటి, తొమ్మిదిన్నరకల్లా కిందికి.

ప్రశ్న: అహోబిలంలో తొమ్మిది నరసింహ క్షేత్రాలూ ఒకే రోజు చూడొచ్చా? ఉగ్రస్తంభానికి పదేళ్ల పిల్లలను తీసుకెళ్లొచ్చా?
– ఉపాధ్యాయుడు, ప్రొద్దుటూరు

జవాబు: చూడొచ్చు అనేవారు పావన నరసింహానికి జీపులో పోయి, ఉగ్రస్తంభం వదిలేసినవారై ఉంటారు. నడిచేవారు రెండు రోజులు పెట్టుకోండి. మొదటి రోజు దిగువ అహోబిలం చుట్టూ ఉన్నవి: యోగానంద, ఛత్రవట, భార్గవ. దిగువ నుంచి ఎగువకు ఎనిమిది కిలోమీటర్లు రోడ్డే, దారిలో కారంజ. రెండో రోజు పొద్దున్నే ఎగువ నుంచి వరాహ, మాలోల, జ్వాలా. పావనకు పోయేది అడవి దారి. దానికి చెంచు గూడెం మనిషిని వెంట తీసుకుని, కూలి ముందే మాట్లాడుకుని పోవాలి.

పదేళ్ల పిల్లలకు జ్వాలా నరసింహం దాకా చాలు. ఉగ్రస్తంభం మీదికి పోయే దారికి సరైన మెట్లు లేవు. రాళ్లు పట్టుకుని పాకుతూ ఎక్కాలి, చివర అంచున నిలబడటానికి చోటు తక్కువ. ఎక్కించడం కష్టం కాదు, భయపడి బిగుసుకుపోయిన పిల్లవాడిని దింపడమే కష్టం. పెద్దవాళ్లు వెళ్లేట్లయితే గాలి లేని రోజున, పొడి రాయి మీద, మధ్యాహ్నం పన్నెండులోపు తిరుగు ముఖం పట్టేలా. పైకి చేరినా చేరకపోయినా పన్నెండైతే వెనక్కి, అని కిందే అందరూ ఒప్పుకుని ఎక్కండి. పైకి పోయాక ఆ మాట ఎవరికీ నచ్చదు. భవనాశి వాగులో పాచి పట్టిన రాళ్ల మీద బూట్లు తీసి వట్టికాళ్లతో పోవద్దు. జారితే వేళ్లు విరుగుతాయి.

పిల్లలు జట్టు మధ్యలో, చేయి పట్టుకుని. ముందుకు పరుగెత్తనివ్వొద్దు, వెనక కూర్చోనివ్వొద్దు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత చంపింది. వందల మంది నడిచే దారిలోనే జరిగింది అది. చిరుత కళ్లకు చిన్నగా, ఒంటరిగా, వంగి ఉన్నది ఏదైనా వేటే.

ప్రశ్న: కార్తీకంలో సిద్ధవటం దగ్గర నిత్యపూజకోనకు పోతుంటాం. వాగు పారుతున్నప్పుడు నడుముకు తాడు కట్టుకుని దాటితే సరిపోతుంది కదా?
– వ్యాపారి, కడప

జవాబు: సరిపోదు, అది చంపుతుంది. పారే నీళ్లలో మనిషి జారితే తాడు బిగుసుకుని, నీటి ఒత్తిడి అతణ్ణి అడుగుకు నొక్కేస్తుంది. ముడి విప్పుకోలేడు, ఒడ్డున ఉన్నవారు లాగినకొద్దీ ముఖం నీళ్లలోకే పోతుంది. తాడు చేత్తో పట్టుకోవడానికే, ఒంటికి కట్టుకోవడానికి కాదు.

మోకాలు దాటిన లోతు, లేదా నీళ్లు మట్టి రంగు తిరిగి కొమ్మలు కొట్టుకొస్తున్నాయంటే ఆగిపోవాలి. కడప కొండలకు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వాన. కోనలో ఎండ కాస్తున్నా పైన కొండ మీద కురిసిన వాన గంటలోపు కిందికి దిగుతుంది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన రోజు గుర్తుంచుకోండి. అది కార్తీకంలోనే. వాయుగుండం హెచ్చరిక ఉన్న రోజుల్లో కోనల్లోకి పోవడం మానండి. దాటిన వాగు వెనక పెరిగితే ఎత్తైన ఒడ్డున కూర్చుని తగ్గేదాకా ఆగడమే. వాన ఆగితే చిన్న వంకలు కొన్ని గంటల్లో తగ్గుతాయి.

తక్కువ లోతైతే ముగ్గురేసి భుజాలు పట్టుకుని గుండ్రంగా నిలబడి, ఒకసారికి ఒకరే కాలు కదిపి దాటండి. ఒక్కరే దాటాల్సి వస్తే నీళ్లు వచ్చే వైపుకు ముఖం పెట్టి, కర్రను ముందు ఊని, పక్కకు జరగాలి. సంచి నడుము పట్టీ, ఛాతీ పట్టీ విప్పి ఉండాలి. పడితే సంచిని వదిలేయడానికే. బూట్లు వేసుకునే దాటండి.

ఇంకొక మాట. లంకమల, పాలకొండ, శేషాచలం అన్నీ ఎర్రచందనం అడవులు. దేవస్థానం దారి వదిలి అనుమతి లేకుండా లోపలికి పోయిన జట్టును రాత్రిపూట టాస్క్‌ఫోర్స్ వాళ్లు ఏమనుకుంటారో మీకే తెలుసు. గొడ్డలి, కొడవలి సంచిలో పెట్టుకోవద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో పోవడమే నేరం.

ప్రశ్న: లంకమలలో కలివికోడిని ఫొటో తీయాలని మా నలుగురి కోరిక. టార్చిలు, స్పీకరు ఉన్నాయి. ఎప్పుడు పోవాలి?
– ఫొటోగ్రాఫర్లు, బద్వేలు

జవాబు: పోవద్దు. 1848లో తొలిసారి శాస్త్రానికి తెలిసి, 1900 తర్వాత కనబడక అంతరించిందనుకున్న ఈ పక్షి 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లి ప్రాంతంలో మళ్లీ దొరికింది. దాని కోసమే ఆ అడవి అభయారణ్యమైంది. ముళ్లపొదల మధ్య ఖాళీ నేలలో రాత్రిపూట తిరిగే పక్షి. టార్చి వెలుగు, స్పీకరులో దాని కూత, పొదల్లో మనుషుల అడుగులు: ఈ మూడూ దాని చోటును పాడు చేసేవే. దాని మీద పనిచేసే శాస్త్రవేత్తలు అనుమతులు తీసుకుని, నేల మీద అడుగుల జాడ పట్టే ఇసుక పట్టీలతో, వాటంతటవే పనిచేసే కెమెరాలతో వెతుకుతారు. మీ లెన్సులకు పని కావాలంటే రోళ్లపాడు గడ్డిమైదానంలో కృష్ణజింకలున్నాయి. పగటిపూట, అటవీశాఖ అనుమతితో వెళ్లండి.

ప్రశ్న: గండికోట అంచున గుడారం వేసుకుని చలిమంట వేసుకోవచ్చా? లోయ గోడకు తేనెతుట్టెలు కనబడ్డాయి.
– నంద్యాల యువకులు

జవాబు: మంట వద్దు. కొండ తేనెటీగలు పొగ సోకితే గుంపుగా లేస్తాయి. రాయి విసిరినా, డ్రోన్ ఎగరేసినా, గాఢమైన సెంటు వాసన తగిలినా అంతే. గుడారం అంచుకు కనీసం ముప్పై అడుగులు వెనక్కి వేయండి. రాత్రి లేచినవారు నిద్రమత్తులో నడిచే దూరం అది. బండ మీద మేకులు దిగవు కాబట్టి నాలుగు మూలలా తలకాయంత రాళ్లకు తాడు కట్టాలి. గుడారం వాకిలి గాలికి ఎదురుగా ఉండకూడదు.

ఈగలు లేస్తే తువ్వాలుతో ముఖం కప్పుకుని, అంచుకు దూరంగా, బండి ఉన్న వైపుకు పరుగెత్తండి. ఇక్కడ పరుగే మందు. చేతులు ఆడించి తోలొద్దు. నీళ్లలో దూకొద్దు, అవి పైనే తిరుగుతూ తల ఎత్తేదాకా ఆగుతాయి. ముళ్లను ఎలా తీశామన్నది కాదు, ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యం. గోటితో గీకేయండి. పెదాలు వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా 108. పదుల కొద్దీ కుట్టినవారు బాగానే ఉన్నట్టు కనబడినా ఆసుపత్రిలో ఉండాలి, విషం తర్వాత మూత్రపిండాలను దెబ్బతీయొచ్చు.

ప్రశ్న: పాము విషం పీల్చే పంపు ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాం. మా జట్టు మందుల సంచిలో ఇంకేం ఉండాలి?
– పదవీ విరమణ చేసిన ఉద్యోగి, కర్నూలు

జవాబు: పంపును సంచిలోంచి తీసేయండి. కరిచిన కొద్దిసేపటికే విషం కండలోకి దిగిపోతుంది. పంపు లాగేది రక్తం, నీరు మాత్రమే, పైగా అక్కడి చర్మం దెబ్బతింటుంది. కోయడం, కాల్చడం, పైన బిగించి తాడు కట్టడం కూడా అంతే. రక్తపింజర కాటుకు తాడు కడితే విషం ఒకేచోట నిలిచి కండ కుళ్లుతుంది, ఆసుపత్రిలో విప్పిన వెంటనే ఒక్కసారిగా ఒళ్లంతా పాకుతుంది.

చేయాల్సింది ఇది. మనిషిని కూర్చోబెట్టండి, నడవనివ్వొద్దు. ఉంగరాలు, మెట్టెలు, గాజులు, వాచీ వెంటనే తీయండి, వాపు వచ్చాక రావు. కరిచిన కాలికి రెండు పక్కలా కర్రలు పెట్టి, తువ్వాళ్లతో వదులుగా కట్టి కదలకుండా చేయండి. కట్టు కింద వేలు దూరాలి. నలుగురు దుప్పటిలో మోయాలి, ఇద్దరు ముందు దారి చూడాలి. జట్టు ఏడుగురికి తగ్గొద్దని చెప్పేది ఇందుకే. సిగ్నల్ ఉన్న చోటు నుంచి 108కి ఫోన్ చేసి, ఏ ఆసుపత్రిలో పాముకాటు మందు ఉందో అడగండి. అసలైతే బయల్దేరే ముందు రోజే దారికి రెండు చివరలా ఉన్న ప్రభుత్వ ఆసుపత్రులకు ఫోన్ చేసి కనుక్కుని, కాగితం మీద రాసి ఇద్దరి దగ్గర ఉంచాలి.

పామును చంపి తేవాల్సిన పని లేదు. మన దగ్గర ఇచ్చే మందు ఒక్కటే నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ పనిచేస్తుంది. డాక్టరు రెండు మిల్లీలీటర్ల రక్తం పొడి గాజుగొట్టంలో తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే పింజర విషం ఒంట్లో పనిచేస్తున్నట్టు. పిల్లలకు తక్కువ మందు వేయమని అడగొద్దు. విషం అంతే, మందూ అంతే.

సంచిలో ఆరు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, పారాసిటమాల్, అలర్జీ మాత్రలు, నాలుగు అంగుళాల క్రేప్ బ్యాండేజీలు రెండు, గుడ్డ ప్లాస్టరు, అయోడిన్ మందు, పిడుదులు పీకడానికి సన్నమూతి పట్టుకారు, కత్తెర ఉంటే చాలు. బీపీ, షుగరు మాత్రలు ఎవరివి వారి జేబులోనే, రెండు రోజులకు ఎక్కువే. రాత్రి మకాంలో నేల మీద పడుకునేవారు దోమతెర అంచులను చాప కిందికి మడవండి. కట్లపాము కాటు నొప్పి తెలియదు, గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లారి లేచిన మనిషికి కడుపునొప్పి, రెప్పలు వాలడం, మింగలేకపోవడం ఉంటే గాటు కోసం వెతుకుతూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎన్ని గంటలకు పడుకున్నాడో, ఎప్పుడు రెప్పలు వాలాయో రాసి పెట్టి డాక్టరుకు చూపండి.